గీతలు నిండుగా ఉన్నా కాల్ ఎందుకు కట్ అవుతుంది?

"సార్, సిగ్నల్ ఫుల్లుగా ఉంది, మాట్లాడుతుంటే కట్ అయిపోతోంది." నెల్లూరు నుంచి ఒంగోలు దాకా టవర్లు చూసుకుంటూ తిరిగే నాకు రోజూ వినబడే మాట ఇది. ఫోన్‌లో గీతలు టవర్ సిగ్నల్ ఎంత గట్టిగా అందుతోందో చూపిస్తాయి, అంతే. ఆ టవర్లో మీ కాల్‌కు ఛానెల్, అంటే చోటు, ఖాళీగా ఉందో లేదో, ముందుకు పోతే పక్క టవర్ మిమ్మల్ని అందుకుంటుందో లేదో వాటికి తెలియదు. అందుకే నేను రెండే అడుగుతాను: ఎక్కడ కట్ అయింది, ఎన్ని గంటలకు? రోజూ ఒకేచోట అయితే అనుమానం కాల్‌ను పక్క టవర్‌కు మార్చే హ్యాండోవర్ మీదికి పోతుంది. ఒకే టైముకైతే ఛానెళ్ల మీదికి.

సమస్య: రైల్లో, బస్సులో ఎప్పుడూ అదే చోట కట్

కాల్ నడుస్తున్నంతసేపూ ఫోన్ చుట్టుపక్కల టవర్లను కూడా కొలుస్తూనే ఉంటుంది. పక్క టవర్ సిగ్నల్ మనం పెట్టిన తేడాకు మించి, పెట్టినంతసేపు బలంగా ఉంటే నెట్‌వర్క్ కాల్‌ను అటు మారుస్తుంది. ఇదే హ్యాండోవర్. బిట్రగుంట దాటి కావలి వైపు గంటకు 110 కిలోమీటర్లతో పోయే రైలు సెకనుకు 30 మీటర్లు కదులుతుంది. రెండు టవర్ల కవరేజీ కలిసే మేర 200 మీటర్లే అయితే ఏడు సెకన్లలోపు అంతా అయిపోవాలి.

ఎక్కువసార్లు దొరికే కారణం నైబర్ లిస్టులో (ఏ టవర్ నుంచి ఏ పక్క టవర్లకు కాల్ మార్చొచ్చో రాసి ఉంచే జాబితాలో) పక్క టవర్ లేకపోవడం. ఫోన్‌కు ఆ సిగ్నల్ అందుతున్నా, అటు మార్చమనే ఆదేశం రాదు. ఒక వైపు నుంచి రాసి రెండో వైపు మరిచిపోవడం మామూలే. ఒంగోలు పోయేటప్పుడు కట్ అయి, తిరిగొచ్చేటప్పుడు బాగుంటే సగం తప్పు దొరికినట్టే. పరిష్కారం: రెండు వైపులా నైబర్ చేర్చి, అదే దారిలో డ్రైవ్ టెస్ట్, అంటే బండిలో పోతూ సిగ్నల్ కొలవడం, చేయడం.

లిస్టు సరిగ్గానే ఉందంటే కేబుళ్లు చూడాలి. ఒకసారి కావలి దగ్గర ఒక సైట్లో యాంటెనాలు మార్చినప్పటి నుంచీ హైవే మీద కాల్స్ తెగిపోతున్నాయి. సిస్టమ్‌లో అన్నీ కరెక్టే. రెండో రోజు సాయంత్రం టవర్‌కు ఉత్తరాన నిలబడి చూస్తే ఫోన్‌లో దక్షిణం సెక్టార్ (టవర్‌లో ఆ దిక్కుకు చూసే భాగం) నంబర్ కనబడింది! కేబుళ్లకు చుట్టిన రంగు టేపులు ఎండకు వెలిసిపోయి ఎరుపేదో నారింజేదో తెలియక, ఎవరో రెండు సెక్టార్లూ తారుమారుగా బిగించారు. మార్చడానికి పది నిమిషాలు. కనుక్కోవడానికి రెండు రోజులు.

సమస్య: కదలకుండా కూర్చున్నా కట్

రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్లు ఎక్కువగా చెప్పేది ఇది. మైపాడు, కొత్తపట్నం వైపు నేలంతా చదును, మధ్యలో అడ్డేమీ ఉండదు. ఎక్కడో దూరపు టవర్ సిగ్నల్ నీళ్ల మీదుగా సాగి వచ్చేస్తుంది, ఫోన్ దాన్ని పట్టుకుంటుంది. అంత దూరపు టవర్‌కు ఇక్కడి టవర్ నైబర్‌గా ఉండదు. ఆ సిగ్నల్ తగ్గగానే కాల్ పోతుంది. ఆ దూరపు టవర్ యాంటెనాను రెండు మూడు డిగ్రీలు కిందికి వంచితే చాలావరకు కుదురుకుంటుంది.

రెండు టవర్లూ సమానంగా అందే చోట కాల్ అటూ ఇటూ ఊగుతుంటుంది. దీన్ని మేము పింగ్‌పాంగ్ అంటాం. హ్యాండోవర్‌కు పెట్టిన తేడాను, ఆగే సమయాన్ని కొంచెం పెంచితే ఆగుతుంది. కానీ అదే సెట్టింగు హైవే సెక్టార్‌కూ పెడితే కారు దాటిపోయాక హ్యాండోవర్ మొదలవుతుంది. అందుకే ఒక్కో టవర్ల జతకూ విడిగా పెట్టాలి. అన్నిటికీ ఒకేసారి పెట్టేసి ఇంటికి పోయేవాళ్లను చూశాను.

సమస్య: జనం ఎక్కువైతే కాల్ కలవదు, కలిసినా తెగుతుంది

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ నాడు ఇది చూడాలి. 2జీలో ఒక క్యారియర్‌కు, అంటే ఒక ఫ్రీక్వెన్సీకి, 8 టైమ్‌స్లాట్లు (వంతులవారీ చోట్లు). ఒకటి నెట్‌వర్క్ కంట్రోల్ సందేశాలకు పోతే ఒకేసారి మాట్లాడేది ఏడుగురు. నాలుగు క్యారియర్లున్నా ముప్పైమంది లోపే. పక్క టవర్ నుంచి హ్యాండోవర్‌లో వచ్చే కాల్‌కూ ఇందులోనే చోటు కావాలి. లేకపోతే అది మాట మధ్యలో తెగుతుంది. కలవని కాల్‌కు మళ్లీ నొక్కుతారు, మాట మధ్యలో తెగితే తిట్టుకుంటారు. అందుకే కొన్ని ఛానెళ్లను హ్యాండోవర్లకే అట్టిపెడతాం. అవి మరీ ఎక్కువైతే కొత్త కాల్స్‌కు దారుండదు కాబట్టి గంట గంట రిపోర్టు చూస్తూ సర్దాలి. ఒక స్లాట్‌లో రెండు కాల్స్ పట్టే హాఫ్‌రేట్ పెట్టొచ్చు, గొంతు కాస్త పలచబడుతుంది. లోడ్‌ను పక్క సెక్టార్‌కు నెట్టొచ్చు. పండుగకైతే చక్రాల మీద తెచ్చే తాత్కాలిక టవరే సరైన దారి. 4జీ కాల్‌కు స్లాట్ల లెక్క ఉండదు, డేటా కంటే మాటకే ముందు చోటిస్తుంది. అయినా ఒకేసారి వేలమంది నొక్కితే కాల్ కలవడమే కష్టం.

సమస్య: ముందు స్పష్టంగా, తర్వాత మొద్దుగా, ఆపై కట్

4జీ కవరేజీ అంచున కాల్ 2జీకి దిగుతోంది. అక్కడి 2జీ ఫ్రీక్వెన్సీ ఆ 4జీ టవర్ లిస్టులో లేకపోతే మధ్యలోనే పోతుంది. లిస్టు సరిచేయాల్సింది మేమే. ఇంట్లో ఇలా అవుతుంటే మాత్రం వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి.

ఫిర్యాదులో "సిగ్నల్ లేదు" అని రాస్తే మాకు ఏమీ అందదు. మొన్న ఒక పాల వ్యాన్ డ్రైవర్ ఇలా చెప్పాడు: "పొద్దున ఆరింటికి ఒంగోలు పోతుంటే టోల్‌గేటు దాటాక రెండో వంతెన మీద సార్. వచ్చేటప్పుడు బాగానే ఉంటాది." కారు తీయకుండానే నైబర్ లిస్టు తెరిచాను.