పర్లాకిమిడి కాలినడకన చూడాలంటే: షాపు బోర్డు కాదు, దాని పైన చూడండి

ఆంధ్ర సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి వస్తున్నాం అంటే ఎవరైనా చెప్పేది ఒకటే, రాజావారి కోట చూడండి, వాళ్ళదే ఇంకో మహలు బీఎన్ ప్యాలెస్ చూడండి, కారు మాట్లాడుకుని మహేంద్రగిరి కొండకి వెళ్ళిపోండి అని. చూడండి, వద్దనట్లేదు. కానీ ఊరు తెలియాలంటే మాత్రం బండి పక్కన పెట్టేసి ఏదో ఒక పాత వీధి పట్టుకోండి, ఒక్కటంటే ఒక్కటే, ఈ చివర నుంచి ఆ చివరికి రెండు గంటలు పట్టినా పర్లేదు. ఒకే పూటలో ఊరంతా చుట్టేస్తే ఫోన్ నిండా ఫొటోలు మిగుల్తాయి, ఏది ఎక్కడిదో మాత్రం గుర్తుండదు.

నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో అయితే హాయి. పొద్దున్నే బయల్దేరండి, షాపులు తెరిచాక వాటి ముందు పందిళ్ళు, వేలాడే సామాన్లు, పార్క్ చేసిన బళ్ళు అడ్డమొచ్చి ఏమీ కనపడదు. నీళ్ళ బాటిల్, చిన్న నోట్‌బుక్, పెన్ను చాలు.

ఇక అసలు పని. కింద బోర్డులు వదిలేసి మేడ మీద పిట్టగోడ మధ్యలో, గుమ్మం పైన, గుడి మెట్ల మీద, బావి గట్టు మీద ఏమైనా రాసుందా అని చూడండి. రాసుంటే మొదట లిపి, తర్వాత తేదీ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్స్ ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా కింద ఉండేది, ఆ రోజుతో ఇక్కడి రాజావారి జమీందారీ రెండు ముక్కలై ఊరు ఒరిస్సాలోకి వచ్చింది, మిగతా ముక్క మద్రాసులోనే ఉండిపోయింది. అలాగని తెలుగు రాత కనపడగానే ఇది 36 కంటే ముందుది అని తేల్చెయ్యకండి, మనవాళ్ళు ఆ తర్వాత కూడా తెలుగులోనే చెక్కించుకున్నారు కదా. లిపి ఎవరిదో చెప్తుంది, ఎప్పటిదో చెప్పాల్సింది తేదీ.

ఆ తేదీ దగ్గరే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే అంకెలు లేకుండా ఫలానా నామ సంవత్సరం అని మాత్రమే ఉండొచ్చు. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది. లెక్క సులువే, ప్రభవ 1927 ఉగాది నుంచి మొదలైంది, అక్కడి నుంచి వరసగా ఎంచుకోండి, పదోది ధాత అంటే 1936. కానీ 1876 కూడా ధాతే, 1996 కూడా ధాతే. మరి ఏదీ అంటే గోడనే అడగాలి, సున్నం గార ఉందా సిమెంటు ఉందా, దూలాలు టేకువా ఇనుపవా, ఇలాంటివి పట్టుకుంటే 1876కీ 1996కీ తేడా తెలిసిపోతుంది. ఒడియా పాత రాతల్లో అయితే అంక అని రాజుగారి పాలనా సంవత్సరం ఉంటుంది, అది ఇంకో తలనొప్పి, ఎందుకంటే అందులో 1 ఉండదు, 6తో ముగిసేవి ఉండవు, సున్నాతో ముగిసేవి కూడా 10 తప్ప ఉండవు. 15 తర్వాత నేరుగా 17 అన్నమాట. మామూలు లెక్కన తీసేస్తే తప్పొస్తుంది.

సవర గిరిజనుల ఊళ్ళ వైపు వెళ్తే తెలుగూ ఒడియా ఇంగ్లీషూ కాని అక్షరాలు కనపడొచ్చు, అది సొరాంగ్ సొంపెంగ్, సవర భాష కోసం మంగై గొమాంగో అనే ఆయన తయారుచేసిన లిపి, అదీ 1936లోనే. ఇక్కడి రాజావారి స్కూల్లో 1880లో మేష్టారుగా చేరి సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు దాకా చేసిన మన గిడుగు రామమూర్తి గారు ఊరు ఒరిస్సాలో కలపడం ఇష్టంలేక రాజమండ్రి వెళ్ళిపోయింది కూడా అదే 1936. ఒక్క సంవత్సరంలో ఇన్ని జరిగిన ఊరికి పనిగట్టుకుని కోట ఒక్కటే చూడ్డానికి వస్తారంటే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

పెద్దవాళ్ళతో మాట్లాడేప్పుడు "ఊరి చరిత్ర చెప్పండి" అని మొదలుపెట్టకండి, వాళ్ళు వెంటనే రాజుల దగ్గరికి వెళ్ళిపోతారు. "తాతగారూ, ఈ వీధిని ఇదివరకు ఏమనీవారు? ఇక్కడ ఎవరి కొట్టుండేది? నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకునీవారు?" అని అడగండి. ఒడియా వాళ్ళయితే మౌసా అని పిలిచి తెలుగులో అడిగినా చాలామందికి అర్థమైపోద్ది. ఒకరు చెప్పింది ఇంకొకర్ని అడిగి సరిచూసుకోండి, ఇద్దరూ వేరేగా చెప్తే రెండూ రాసుకోండి. ఇంటి లోపల ఫొటో అడగకుండా తియ్యొద్దు. కొమ్ముతో బొమ్మలూ దువ్వెనలూ చేసేవాళ్ళు దొరికితే కాసేపు కూర్చోండి, ఆ పనికి ఈ ఊరికి పేరుంది.

రెండో నడకకి పాత రైలు దారి మంచిది. ఆంధ్ర వైపు నౌపడా నుంచి ఇక్కడికి నేరో గేజ్ లైను రాజావారే 1900లో వేయించారు, పట్టాల మధ్య రెండున్నర అడుగులే, తర్వాత గుణుపూర్ దాకా సాగింది, 2004లో ఆపేసి బ్రాడ్ గేజ్ చేశారు. దాని ఆనవాళ్ళు వెతకండి, కానీ పక్క రోడ్డు మీంచే, పట్టాల మీద నడవద్దు. అలాగే మహేంద్రతనయ ఏరు దాటి ఆంధ్రలో ఉన్న పాతపట్నం దాకా నడిచేస్తే రాష్ట్రం మారిపోయినట్టు బోర్డుల మీద తప్ప ఎక్కడా తెలీదు. అక్కడ నీలమణి దుర్గ అమ్మవారిని చూసుకుని, ఓపిక లేకపోతే వెనక్కి ఆటోలో వచ్చెయ్యండి. వానల్లో మాత్రం ఏటి గట్టు జోలికి పోకండి, కొండ మీద వాన పడితే నీరు చాలా తొందరగా దిగుతుంది.