తేనె పూత పోర్క్ రోస్ట్: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

పైన మాడింది, లోపల పచ్చిగా ఉంది

ఎక్కువ మందికి ఎదురయ్యేది ఇదే. అందరూ ఓవెన్‌ని తిడతారు కానీ తప్పు తేనె వేసిన వేళది. మామూలు పంచదార దాదాపు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముదురు రంగుకి తిరుగుతుంది. తేనెలో ఎక్కువగా ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెరకి 110 చాలు. మసాలా పట్టించేటప్పుడే కప్పు తేనె పోసి 200 డిగ్రీల్లో పెడితే, మాంసం ఉడికేలోపు పైపొర బొగ్గయిపోతుంది.

ఊరబెట్టే మసాలాలో సోయా సాస్, వెల్లుల్లి, మిరియాలు వేసుకోండి, తేనె మాత్రం ఒక్క చెంచా చాలు. 170 డిగ్రీల్లో కాల్చండి. ముక్క మధ్యలో గుచ్చిన థర్మామీటర్ 50 దాటాక తేనె పూయడం మొదలుపెట్టండి. ఐదేసి నిమిషాలు ఆగుతూ, రెండు మూడు పలుచని పూతలు వేయాలి. ఆఖరి పూతకి వేడి 220కి పెంచి, ఓవెన్ ముందే నిలబడండి. ఆ రెండు మూడు నిమిషాల్లో ఫోన్ చేతిలో ఉంటే మెరుపు పోయి మాడు మిగులుతుంది.

ఈపాటికే మాడిపోయిందా? నల్లటి పొర చెక్కేసి, పైన ఫాయిల్ వదులుగా కప్పి, 150 డిగ్రీల్లో ఉడకనివ్వండి. తర్వాత కొత్తగా పూయండి. మాడు మీదే ఇంకాస్త తేనె పోస్తే ఆ చేదు పోదు.

తేనె అంటుకోకుండా కారిపోతోంది

ముక్క తడిగా ఉంది, లేదా పూత మరీ పలచగా ఉంది. మసాలాలోంచి తీసి టిష్యూతో అద్దండి. వీలైతే మూత పెట్టకుండా రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే పైభాగం ఆరుతుంది. మూడు వంతుల తేనెకి ఒక వంతు సోయా సాస్ కలిపి, సన్నని మంట మీద చెంచాకి పట్టేంత చిక్కబరచండి. పచ్చి మాంసం ఊరిన మసాలానే పూతకి వాడాలనుకుంటే, ముందు బాగా మరిగించాల్సిందే.

మాంసం ఎండి పీచులా అయింది

నడుము భాగం ముక్కలో కొవ్వు తక్కువ కాబట్టి కాస్త ఎక్కువ కాలినా ఎండిపోతుంది. దానికి మధ్యలో 63 డిగ్రీలు వచ్చి, దించాక కనీసం 3 నిమిషాలు ఆగితే సరిపోతుంది. లోపల కొంచెం గులాబీ రంగు ఉన్నా కంగారు లేదు, రంగుని కాదు థర్మామీటర్‌ని నమ్మండి. నన్నడిగితే ఈ వంటకి కొవ్వు చారలున్న భుజం మాంసమే మేలు, అది 75 దాటినా రసం పోదు. దించాక పది నిమిషాలు వదిలేసి, పీచుకి అడ్డంగా కోయండి. ఎండిపోయిన ముక్కలనైతే సన్నగా కోసి, కాస్త వేడినీళ్లతో పలచన చేసిన తేనె పూతలో దొర్లించండి.

రుచి లోపలికి దిగలేదు

ఉప్పు తప్ప వెల్లుల్లి, మిరియాలు లాంటివి లోతుకి పోవు, కాబట్టి మసాలా రెట్టింపు చేసి లాభం లేదు. మాంసాన్ని 4 సెంటీమీటర్ల మందం పట్టీలుగా కోసి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఊరబెట్టండి.

పైపొర పేస్టులా అయింది

పచ్చి బొప్పాయి, తాజా అనాస రసం వేసి ఎక్కువసేపు ఉంచితే అలాగే అవుతుంది. వాటిలోని ఎంజైములు మాంసాన్ని కరిగించేస్తాయి. భుజం మాంసానికి అవి అసలు అక్కర్లేదు.

వంటిల్లంతా పొగ

ట్రేలో పడిన తేనె మాడుతోంది. ముక్కల్ని జాలీ మీద పెట్టి, కింద ట్రేలో ఒక సెంటీమీటరు నీళ్లు పోయండి. మధ్యలో ఇంకిపోతే మళ్లీ పోయాలి, వేడినీళ్లే.