ఐదు గ్యాలన్ల ట్యాంకు నియమం: ఎఫ్‌ఏఏను రాతపూర్వక వివరణ కోరే విధానం

మా అక్క కొడుకు అమెరికాలో ఉంటాడు. అక్కడ ఒక్కరే కూర్చుని ఎగిరే అల్ట్రాలైట్ విమానం కొనుక్కున్నాడు. దానికి అల్యూమినియం ట్యాంకు తిరుపతిలో చేయించి పంపమన్నాడు. రేణిగుంట రోడ్డులో మాకు తెలిసిన వెల్డింగ్ మేస్త్రీ ఐదు గ్యాలన్లంటే ఇరవై రెండున్నర లీటర్లని లెక్కగట్టి చేసిచ్చాడు. ఆయన చిన్నప్పటి నుంచి ఎరిగిన గ్యాలను నాలుగున్నర లీటర్ల బ్రిటిష్ గ్యాలను. అమెరికా గ్యాలను 3.785 లీటర్లే. అంటే ఐదు గ్యాలన్లకు 18.9 లీటర్లు. ట్యాంకు కోసి మళ్ళీ అతకాల్సి వచ్చింది. ఆ పని మీద తిరిగినప్పుడు తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

అమెరికాలో ఈ చిన్న విమానాలకు వర్తించేది అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నియమాల్లోని పార్ట్ 103. 1982లో అమల్లోకి వచ్చింది. ఇంజిను ఉన్న అల్ట్రాలైట్ ఖాళీ బరువు 254 పౌండ్ల లోపు ఉండాలి. మన లెక్కలో సుమారు 115 కిలోలు. వేగం 55 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు), స్టాల్ వేగం, అంటే అంతకంటే తగ్గితే రెక్కలు విమానాన్ని గాల్లో మోయలేని వేగం, 24 నాట్లు దాటకూడదు. ఇంధన సామర్థ్యం 5 అమెరికా గ్యాలన్లు మించకూడదు. ఇవన్నీ సరిపోతే పైలట్ లైసెన్సు గానీ, విమానానికి రిజిస్ట్రేషన్ గానీ అక్కర్లేదు. ఇంత వెసులుబాటు ఇచ్చారు కాబట్టే హద్దు దగ్గర పట్టింపు ఎక్కువ.

చాలామంది పొరబడేది ‘సామర్థ్యం’ అన్న మాట దగ్గరే. నేను పదిహేను లీటర్లే పోశాను కదా అంటే కుదరదు. ట్యాంకులో ఎంత పోశారని కాదు, ఎంత పడుతుందని చూస్తారు. 1984లో ఎఫ్‌ఏఏ ఇచ్చిన ఏసీ 103-7 అనే సలహా పత్రం ఈ సంగతి వివరంగా చెబుతుంది. ఇంజినుకు అందకుండా అడుగున మిగిలిపోయే ఇంధనం పట్టే చోటు కూడా లెక్కలోకి వస్తుంది. పైపుల్లో, పంపులో, కార్బొరేటర్‌లో ఉండేది రాదు. మూడేసి గ్యాలన్ల ట్యాంకులు రెండు పెట్టి ఒకటి ఖాళీగా ఉంచినా ఆరు గ్యాలన్ల కిందే లెక్క. పెద్ద ట్యాంకు మీద గీత గీసి ఇంతవరకే పోస్తానన్నా ఒప్పుకోరు. లోపల శాశ్వతంగా బిగించిన గొట్టమో, గాలి రంధ్రం అమరికో అంతకు మించి నిండనివ్వకపోతే ఒప్పుకుంటారు. అనుమానం వస్తే మాత్రం వాళ్ళ ముందు నింపి చూపించాలి.

పత్రంలో నేరుగా జవాబు దొరకని ప్రశ్నలకే రాతపూర్వక వివరణ కోరడం అవసరం. సీటు వెనక కట్టిన, ఇంజినుకు కలపని క్యాను సామర్థ్యంలోకి వస్తుందా? ఇలాంటివన్నమాట. ముందుగా ఎఫ్‌ఏఏ న్యాయ విభాగం ఇదివరకు ఇచ్చిన వివరణల్లో వెతకాలి. అవి వాళ్ళ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తాయి. అక్కడ లేకపోతే ఉత్తరం రాయాలి. చిరునామా: ఆఫీస్ ఆఫ్ ది చీఫ్ కౌన్సెల్, ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్, 800 ఇండిపెండెన్స్ అవెన్యూ సౌత్‌వెస్ట్, వాషింగ్టన్ డీసీ 20591.

ఉత్తరంలో సెక్షన్ నంబరు తప్పకుండా రాయండి. ఇంధనం సంగతి 103.1లో ‘ఇ’ కింద రెండోది. తర్వాత ఉన్నది ఉన్నట్టు విషయం: ట్యాంకులెన్ని, ఎక్కడ బిగించారు, ఒక్కోదానిలో ఎంత పడుతుంది, నిండకుండా ఆపే అమరిక తీయడానికి వస్తుందా రాదా. చివర ఒకే ఒక్క ప్రశ్న. ‘నా విమానం సరేనా’ అని అడగకండి. ఆ విభాగం చెప్పేది నియమానికి అర్థం ఏమిటని. అందుకే ‘ఇలాంటి అమరిక ఉన్న ట్యాంకు సామర్థ్యాన్ని ఎలా లెక్కించాలి’ అని అడగాలి. జవాబులు బయట పెడతారు కనుక ఇంటి సంగతులు, పాస్‌పోర్టు నంబర్ల లాంటివి రాయొద్దు.

కొలత మేము నీళ్ళతోనే తీశాం. పెట్రోలు వాసన ఉన్న ట్యాంకును విమానం లగేజీలో ఒప్పుకోరు. పెట్రోలు బంకుల్లో తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల కొలపాత్ర ఉంటుంది, చూసే ఉంటారు. అలా ముద్ర ఉన్న పాత్ర సంపాదించి, ట్యాంకును విమానంలో ఎలా కూర్చుంటుందో అలాగే నిలబెట్టి అంచుదాకా నింపాం. మొదటి నుంచి చివరిదాకా వీడియో తీశాం.

ఇదంతా అమెరికాలో ఎగిరేవాళ్ళకే. తిరుపతిలోనో చిత్తూరులోనో ఐదు గ్యాలన్ల లోపే ట్యాంకు కదా అని ఎగరడానికి లేదు. ఇక్కడ మైక్రోలైటుకు, అంటే ఇలాంటి చిన్న విమానానికి, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. ఇంట్లో పెట్రోలు నిల్వకు మన పరిమితి వేరే ఉంది. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం, అమ్మకానికి కాకుండా లైసెన్సు లేకుండా 30 లీటర్ల దాకా ఉంచుకోవచ్చు. లోహపు డబ్బా ఒక్కోటి 25 లీటర్లు మించకూడదు, మూత గట్టిగా ఉండాలి.

జవాబు వచ్చేదాకా అనుమానం ఉన్న ట్యాంకుతో ఎగరొద్దని మా వాడికి గట్టిగా చెప్పాను. వచ్చాక ఆ ఉత్తరాన్ని, కొలత వీడియోని, ఫొటోలని విమానం దగ్గరే ఉంచుకోవాలి. సెక్షన్ 103.3 ప్రకారం అధికారి అడిగినప్పుడు తన విమానం పార్ట్ 103 కిందికే వస్తుందని రుజువు చూపాల్సింది ఎగిరేవాడే.