విద్యార్థి సంఘానికి చిహ్నం, మస్కట్ ఎంచుకునే విధానం

విజయవాడ, గుంటూరు ప్రాంతపు కళాశాలల్లో విద్యా సంవత్సరం మొదలు కాగానే శాఖల వారీ సంఘాలు, హాస్టల్ బృందాలు, విద్యార్థినుల క్లబ్బులు ఏర్పడుతుంటాయి. సంఘం పేరు ఖాయమైన కొద్దిరోజులకే టీషర్టు మీద వేయడానికి ఒక బొమ్మ కావలసి వస్తుంది. ఎవరో ఒకరు ఇంటర్నెట్‌లో వెతికి గర్జించే సింహాన్నో, రెక్కలు విప్పిన గద్దనో దించుకుంటారు, డీటీపీ సెంటరులో కింద పేరు చేర్పిస్తారు, పని అయిపోతుంది. మరుసటి ఏడాది కొత్త కార్యవర్గం వచ్చి ఆ సింహాన్ని తీసేసి పులిని పెడుతుంది. బొమ్మ నిలవకపోవడానికి కారణం అది అందంగా లేకపోవడం కాదు, దాని వెనుక సభ్యులందరూ ఒప్పుకున్న మాట ఏదీ లేకపోవడం.

ఈ విషయంలో అమెరికా కళాశాలల సంఘాలకు చాలా కాలపు అనుభవం ఉంది. అక్కడ పురుషుల సంఘాలను ఫ్రెటర్నిటీలనీ, మహిళల సంఘాలను సొరోరిటీలనీ పిలుస్తారు. చాలావాటి పేర్లు రెండు మూడు గ్రీకు అక్షరాలు. ఈ సంప్రదాయానికి మూలంగా చెప్పుకునే ఫై బీటా కాపా 1776 డిసెంబరు 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కళాశాల విద్యార్థులు స్థాపించినది. జ్ఞానం పట్ల ప్రేమే జీవితానికి చుక్కాని అనే అర్థం గల గ్రీకు వాక్యంలోని మూడు మాటల మొదటి అక్షరాలే దాని పేరు. ముందు వాక్యం పుట్టింది, అందులోంచి అక్షరాలు వచ్చాయి, ఆ అక్షరాలు చెక్కిన పతకం తరువాతి కాలంలో తాళంచెవి రూపం పొందింది. ఇప్పుడది సంఘంగా కాక ప్రతిభావంతులకిచ్చే గౌరవంగా కొనసాగుతున్నా, ఆ వరుస మాత్రం మనం కూడా పాటించదగినదే.

కాబట్టి మొదటి పని బొమ్మ గీయడం కాదు. సభ్యులందరినీ కూర్చోబెట్టి, ఈ సంఘం ఎందుకు ఉన్నదో ఒకే వాక్యంలో రాయించాలి. "విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధికి" వంటి వాక్యం ఏ సంఘానికైనా అతుకుతుంది గనుక దేనికీ పనికిరాదు. "ఊరు విడిచి వచ్చిన విద్యార్థినులకు ఊళ్లో ఒక ఇల్లు" అన్న వాక్యం వేరు. అందులోంచి గూడు, దీపం, గడప, అరుగు ఇలా గీయదగిన వస్తువులు వాటంతటవే వస్తాయి. వాక్యం విన్న తరువాత కళ్లకు ఏ వస్తువూ కనబడకపోతే దాన్ని మళ్లీ రాయాలి. ఈ దశకు రెండు మూడు సమావేశాలు పట్టినా తొందరపడకూడదు, ఎందుకంటే తరువాత వచ్చే తగాదాలన్నీ ఇక్కడే తీరతాయి.

వాక్యం కుదిరాక బ్యాడ్జి, రంగులు, పువ్వు, మస్కట్ (సంఘానికి గుర్తుగా ముద్దుగా పెట్టుకునే జీవి) అనే నాలుగింటినీ విడివిడిగా ఆలోచించాలి. మన దగ్గర వీటన్నింటినీ కలిపి లోగో అనేస్తారు, గందరగోళం అక్కడే మొదలవుతుంది. 1870లో ఇల్లినాయిలోని మన్‌మత్ కళాశాలలో పుట్టిన కాపా కాపా గామా అనే సొరోరిటీని చూస్తే తేడా తెలుస్తుంది: దాని బ్యాడ్జి బంగారు తాళంచెవి, రంగులు లేత నీలం, ముదురు నీలం, మస్కట్ గుడ్లగూబ. బ్యాడ్జి సంఘం మాట. అది సభ్యులు మాత్రమే ధరించేది, మార్చకూడనిది. మస్కట్ సంఘం ముద్దు. అది పోస్టర్ల మీద, కప్పుల మీద, క్రీడల రోజున వేషధారణలో కనబడేది, దానితో సరదాగా ఉండవచ్చు. 1913లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైన డెల్టా సిగ్మా థీటా సభ్యులు ఏనుగు బొమ్మలను ఎంతో ఇష్టంగా సేకరిస్తారు గాని, ఏనుగు వారి అధికారిక చిహ్నం కాదు. అభిమానం కొద్దీ సభ్యులే దాన్ని తెచ్చుకున్నారు. అందుకే నా సలహా ఏమిటంటే, బ్యాడ్జిని మొదటి ఏడాదే ఖాయం చేసి, మస్కట్‌ను మాత్రం ఒక ఏడాది ఆగి ఎంచుకోవాలి. ఈలోగా సభ్యుల మాటల్లో, ఆటల్లో ఏ జీవి పేరు తరచుగా వస్తోందో గమనిస్తే సగం పని అదే పూర్తవుతుంది.

బ్యాడ్జికి వస్తువును ఎంచుకునేటప్పుడు ఊరి గుర్తులు ముందుగా తోస్తాయి. గుంటూరు అనగానే మిరపకాయ, విజయవాడ అనగానే ప్రకాశం బ్యారేజి. మిరపకాయ గీయడానికి సులువే, కాని అది ఇప్పటికే మసాలా పొట్లాల నుంచి హోటల్ బోర్డుల దాకా అందరి సొత్తు. 1957లో పూర్తయిన బ్యారేజికి 70 గేట్లు ఉన్నాయి. వాటిని మూడు సెంటీమీటర్ల పిన్ బ్యాడ్జిలో ఇరికిస్తే చూసేవారికి దువ్వెన కనబడుతుంది. ఊరి గుర్తు కావాలంటే ఒక్క ముక్కే తీసుకోవాలి: ఒక గేటు, దాని కింద రెండు అలలు. అమరావతి శిల్పాల్లోని పూర్ణఘటం ఇంతకంటే గొప్ప వస్తువు, నిండుతనానికి గుర్తు, గీత కూడా సులువు. అయితే 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీకరించిన అధికార చిహ్నంలో ఆ ఘటమే ఉన్నందున, ప్రభుత్వ ముద్రను తలపించేలా చక్రంతోనూ, చుట్టూ అక్షరాలతోనూ కలిపి గీయకూడదు. ప్రభుత్వ చిహ్నాలను అనుమతి లేకుండా వాడడాన్ని 1950 నాటి చట్టం, నాలుగు సింహాల జాతీయ చిహ్నాన్ని దుర్వినియోగం చేయడాన్ని 2005 నాటి చట్టం నిషేధించాయి. కళాశాల ముద్రను కూడా ప్రిన్సిపాల్ రాతపూర్వక అనుమతి లేకుండా బ్యాడ్జిలో చేర్చవద్దు.

వాక్యానికీ గుర్తుకూ పొంతన ఎలా ఉండాలో తెలుసుకోవడానికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 1926లో బెజవాడలోనే పని మొదలుపెట్టి తరువాత వాల్తేరుకు తరలిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ముద్రను కౌతా రామమోహన శాస్త్రి రూపొందించారు. "తేజస్వి నావధీతమస్తు" అన్నది దాని వాక్యం. ముద్రలో ప్రధానంగా కనబడేది ఉదయించే సూర్యుడు. తేజస్సు అన్న మాటకూ సూర్యుడికీ మధ్య వివరణ అక్కరలేదు. డెల్టా గామా అనే సొరోరిటీ కథ దీనికి మరో వైపు. ఆశ (ఆంగ్లంలో హోప్) వారి ఆదర్శం, మొదట్లో వారి బ్యాడ్జి ఆ ఆంగ్ల పదంలోని మొదటి అక్షరం మాత్రమే. 1877లో దాని స్థానంలో లంగరును తెచ్చారు, ఎందుకంటే క్రైస్తవ సంప్రదాయంలో లంగరు ఆశకు గుర్తు. ఉత్త అక్షరం కంటే వస్తువు ఎక్కువ మాట్లాడుతుందని వారు గ్రహించారన్నమాట.

అయితే ఒక దేశంలో శుభమైన గుర్తు మరో చోట అలా ఉండదు, అమెరికా జాబితాల్లోంచి నేరుగా ఎత్తుకుంటే వచ్చే చిక్కు ఇదే. గుడ్లగూబ వారికి గ్రీకు జ్ఞానదేవత పక్షి. మన ఇళ్లలో అది చూరు మీద వాలితే పెద్దవాళ్లు శాంతి చేయించమంటారు. 1895లో అర్కాన్సాస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఛై ఒమేగా బ్యాడ్జిలో పుర్రె, ఎముకలు కూడా ఉంటాయి. అదే గుర్తు మన వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ మీద "అపాయము" బోర్డులో కనబడుతుంది. ఎంచుకున్న గుర్తును తల్లిదండ్రులకు, హాస్టల్ వార్డెన్‌కు, కళాశాల ఎదురుగా టీ కొట్టు నడిపే ఆయనకు వివరణ ఏమీ ఇవ్వకుండా చూపించి, చూడగానే ఏమనిపించిందో అడగండి. సభ్యుల అభిప్రాయం కంటే ఆ ముగ్గురి మాటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

రంగుల విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. పసుపు ఒక పార్టీది, నీలం, ఆకుపచ్చల కలయిక మరొకరిది, ఎరుపు, కాషాయం ఎవరివో చెప్పనవసరం లేదు. ఎన్నికల సమయంలో మీ టీషర్టు వేసుకుని బస్టాండులో నిలబడిన విద్యార్థిని ఎవరో ఒకరు ఏ సభకు వెళుతున్నావని అడిగితే రంగు తప్పు ఎంచుకున్నట్లే. వస్తువులకు కూడా ఇదే వర్తిస్తుంది: సైకిల్, ఫ్యాన్, గాజు గ్లాసు, హస్తం, కమలం, ఏనుగు, కంకి కొడవలి ఇవన్నీ బ్యాలెట్ మీద ఉన్నవే. ఒక్కో రంగును విడిగా చూడకుండా జంటగా చూడడం దీనికి మంచి దారి. 1908లో హోవర్డ్‌లో ఏర్పడిన ఆల్ఫా కాపా ఆల్ఫా గులాబీ, ఆకుపచ్చ రంగుల జంటను ఎంచుకుంది. ఇప్పుడు ఆ రెండూ పక్కపక్కన కనబడితే చాలు, అక్షరాలు లేకపోయినా సభ్యులు గుర్తుపడతారు. మనకు వంగపండు రంగు, మీగడ తెలుపు కుదరవచ్చు, లేదా ఇటుక రంగు, బూడిద రంగు కుదరవచ్చు. రెండు రంగులకు మించవద్దు. స్క్రీన్ ప్రింటింగులో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ తయారు చేయాలి గనుక రంగు పెరిగినకొద్దీ ఖర్చు పెరుగుతుంది; పైగా రికార్డు పుస్తకం అట్ట మీద నలుపు తెలుపుల్లో జిరాక్స్ తీసినా గుర్తు నిలవాలి. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల సమయంలో పింగళి వెంకయ్య గాంధీజీకి అందించిన జెండా కూడా ఎరుపు, ఆకుపచ్చ అనే రెండు రంగులదే. తెలుపు తరువాత చేరింది.

పువ్వు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. మీ వార్షికోత్సవం ఏ నెలలో జరుగుతుందో ఆ నెలలో పూలకొట్టులో చవకగా దొరికేదాన్ని ఎంచుకోండి. మల్లె రాష్ట్ర పుష్పమే గాని దాని కాలం వేసవి, పరీక్షల సమయం. డిసెంబరు వేడుకలకు చేమంతి నయం.

మస్కట్‌కు జీవిని ఎంచుకునేటప్పుడు బలం, కోపం చూపే జంతువుల వైపే అందరూ పరుగెత్తుతారు. అమెరికా సంఘాల్లో సింహాలు, బుల్‌డాగులు ఉన్నాయి, నిజమే. కాని 1922లో ఇండియానాలోని బట్లర్ విశ్వవిద్యాలయంలో ఏర్పడిన సిగ్మా గామా రో పూడుల్ కుక్కను, ఆల్ఫా ఎప్సిలాన్ ఫై జిరాఫీని ఎంచుకున్నాయి. ప్రతి ఊళ్లోనూ సింహాలున్నప్పుడు జిరాఫీయే గుర్తుంటుంది. మన పరిసరాల్లో వెతికితే ఇటువంటివి దొరకకపోవు. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో ఏటా గూడబాతులు, కొంగలు వేల సంఖ్యలో చేరి పక్కపక్కనే గూళ్లు కట్టుకుంటాయి; ఊరివాళ్లు వాటి జోలికి పోరు. పైన చెప్పిన, ఊరు విడిచి వచ్చిన విద్యార్థినుల సంఘానికి ఇంతకంటే సరిపోయే జీవి లేదని నా అభిప్రాయం. పెద్ద ముక్కు, కింద సంచి, పొట్టి కాళ్లు ఉన్న గూడబాతు బొమ్మగా గీస్తే నవ్వు తెప్పిస్తుంది కూడా. ఇతరులు వాడని పక్షి కావాలనుకుని పాలపిట్టను ఎంచుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది, పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. ఇక మస్కట్ రామచిలుక అయినంత మాత్రాన నిజమైన చిలుకను పంజరంలో పెట్టి వేడుకకు తీసుకురావడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

గీసిన మస్కట్‌ను పరీక్షించడానికి విజయవాడ పక్కనే ఉన్న కొండపల్లిని మించిన చోటు లేదు. అక్కడి కళాకారులు తేలికైన తెల్లపొణికి కర్రతో అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికించి రంగులు వేస్తారు. మీ గూడబాతును అలా బొమ్మగా చేయించవచ్చా అని ఒకరిని అడిగితే, ముక్కు సన్నగా ఉంటే విరుగుతుందనీ, రెక్కలు శరీరానికి అంటి ఉంటే మేలనీ వారు వెంటనే చెబుతారు. ఆ మార్పులు కాగితం మీది బొమ్మకు కూడా మంచి చేస్తాయి. కర్రలో నిలిచే రూపం ఎంబ్రాయిడరీలోనూ, పిన్ బ్యాడ్జిలోనూ నిలుస్తుంది. ఒక్క బొమ్మ చేయించి సంఘం గదిలో ఉంచితే, ఇకపై పోస్టరు వేసే ప్రతి విద్యార్థికీ అదే నమూనా.

అమెరికా సంఘాల నుంచి తీసుకోకూడనివి రెండున్నాయి. మొదటిది వారి గ్రీకు అక్షరాలు, ముద్రలు. అవి చాలావరకు ట్రేడ్‌మార్కులుగా నమోదైనవి, పైగా మన వాక్యానికి మన అక్షరాలే సరిపోతాయి. రెండవది రహస్య దీక్షల తంతు. కొత్త సభ్యుడు బ్యాడ్జి "సంపాదించుకోవాలి" అనే పేరుతో చేయించే పనులు అక్కడ విద్యార్థుల ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. ఇక్కడ 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం కింద శిక్షార్హమవుతాయి. బ్యాడ్జిని కళాశాల వేదిక మీద, అధ్యాపకుల సమక్షంలో అందరికీ ఒకేసారి తొడగండి.

చివరగా ఒక కాగితం తయారు చేయాలి. సంఘం వాక్యం, బ్యాడ్జిలోని ప్రతి గీతకు అర్థం, రెండు రంగుల ఖచ్చితమైన కోడ్ సంఖ్యలు, పువ్వు, మస్కట్ పేరు, ఏ బొమ్మను ఎవరు ఎక్కడ వాడవచ్చు, మార్చాలంటే ఎంతమంది సభ్యుల ఆమోదం కావాలి అన్నవి అందులో ఉండాలి. డీటీపీ సెంటరు నుంచి ఫొటో కాపీ కాకుండా కోరల్ డ్రాలో చేసిన అసలు వెక్టర్ ఫైలును (ఎంత పెద్దది చేసినా గీత చెదరనిది) అడిగి తీసుకుని, ఆ కాగితంతో పాటు సలహాదారు అధ్యాపకుల వద్ద ఒకటి, కార్యదర్శి వద్ద ఒకటి ఉంచాలి. పాత కార్యవర్గం దిగిపోయే రోజున ఈ రెండూ కొత్త కార్యదర్శి సంతకం తీసుకుని అప్పగించాలి. టీషర్టుల ఆర్డరు ఆ సంతకం పడిన తరువాతే ఇవ్వాలి.