దిగబోయే వాలు మీద మంచు పొరల్ని ఎలా పరీక్షించాలి?

గుల్మార్గ్‌లో గొండోలా (కేబుల్ కారు) రెండో దశ ఎక్కి, అఫర్వాట్ కొండ మీద మంచుచరియల అదుపు చర్యలున్న హద్దు దాటి స్కీ చేయబోతున్నారా? చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ ఇచ్చే మంచుచరియల హెచ్చరిక ముందే చూసి ఉండాలి. కానీ అది పెద్ద ప్రాంతానికి చెప్పే మాట. మీ వాలు సంగతి మీరే తవ్వి చూసుకోవాలి.

లోహపు పార, మంచు రంపం, ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), స్కేలు చాలు. బీకన్ (మంచులో కూరుకుపోతే జాడ తెలిపే రేడియో పరికరం) ఒంటిమీదే ఆన్‌లో ఉండాలి. దిగబోయే వాలు ఎటు తిరిగి ఉందో అటే తిరిగిన, దాదాపు అంతే ఎత్తున్న చిన్న వాలు చూసుకోండి. పైనుంచి మంచు జారిపడే చోటు కాకూడదు. చెట్ల మొదట్లో, పాత స్కీ జాడల మీద తవ్వితే ఫలితం పనికిరాదు. 1.2 మీటర్ల గొయ్యి తవ్వి, పైవైపు గోడ నిలువుగా చెక్కండి.

ఆ గోడలో అడ్డంగా 90 సెం.మీ., వెనక్కి 30 సెం.మీ. ఉండే దిమ్మెను విడదీయాలి. పక్కల కోతలు ఎవరైనా కోస్తారు. పాడయ్యేది వెనక కోతే. రంపం ఒరిగితే దిమ్మె పైన 30 ఉండి, అడుగున 20కి వస్తుంది. కోత అడుగుదాకా దిగకపోతే దిమ్మె వెనక మంచుకు అతుక్కునే ఉంటుంది, పగులు సాగదు. దాన్ని చూసి మంచు గట్టిగా ఉందనుకుని వాలులోకి దిగుతారు. అందుకే కోశాక రంపాన్ని ఆ సందులో ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి లాగి చూడండి. ఎక్కడా తగలకూడదు.

పార రేకును ఒక చివర పరిచి మణికట్టు నుంచి 10, మోచేతి నుంచి 10, భుజం నుంచి 10 తట్లు తట్టాలి. చెయ్యి తన బరువుతో పడాలంతే, బలం పెట్టకండి. ఒకరు తడుతుంటే ఇంకొకరు వంగి గోడను చూడాలి. పగులు పుట్టిన తట్టుకో ఆ మరుసటి తట్టుకో 90 సెం.మీ. దాటి అటు చివరికి పోయిందా, ఆ వాలు వదిలేయండి. ఎన్నో తట్టుకు పగిలిందన్నది రెండో సంగతి. 30 సెం.మీ. చదరపు దిమ్మెతో చేసే పాత పరీక్ష సరిపోదనేది ఇందుకే: అంత చిన్న దిమ్మెలో పగులు సాగుతుందో లేదో తెలియదు.

సీజన్ మొదట్లో పడ్డ పల్చటి మంచు, మబ్బులేని చలి రాత్రుల్లో అడుగున పంచదార పలుకుల్లా మారుతుంది. పిడికిట్లో నొక్కినా ముద్దకట్టదు, వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. అది మీటరు కన్నా లోతుగా ఉంటే తట్ల దెబ్బ అక్కడిదాకా చేరదు. ఆ పలుకులు గోడ అడుగున కనబడి, పైన కొత్త మంచు బరువు పడిన రోజు, దిమ్మె కదలకపోయినా 30 డిగ్రీలు దాటిన వాలు మీదికి, దాని కిందికి వెళ్లకండి.