జీడిపిక్కలు కాల్చాలంటే ముందు గాలి చూడాలి

మావయ్య పూండి నుంచి పంపిన జీడిపిక్కల సంచి చూసి మా వాడు "మైక్రోవేవ్‌లో పెట్టేద్దామా అమ్మా?" అన్నాడు. గుండె గుభేలుమంది. వాడికి చెప్పిందంతా ఇక్కడ రాసి పెడుతున్నాను, పచ్చి పిక్కలు చేతికి దొరికిన మరో ఇంట్లో ఎవరికైనా పనికొస్తుందని.

మాది విజయనగరం. అమ్మమ్మగారిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. పరీక్షలు అయిన మర్నాడే పలాస పాసింజరు ఎక్కేవాళ్ళం. చీపురుపల్లి, పొందూరు, ఆమదాలవలస, నౌపడ దాటి పూండిలో దిగితే తాత సైకిలు పట్టుకుని నిలబడి ఉండేవాడు. అమ్మ రెండు సంచులు సర్దేది. ఒక దాంట్లో మంచి బట్టలు, రెండో దాంట్లో "జీడి బట్టలు". జీడిమామిడి పండు రసం బట్ట మీద పడితే తడిసినప్పుడు కనబడదు, ఉతికాక గోధుమరంగు మచ్చ తేలి ఇక చచ్చినా పోదు. నా లేత నీలం గౌను ఒకటి నాలుగు వేసవులు అలా మచ్చలతోనే నడిచింది.

సరే, పని. పండు నుంచి పిక్కని మెలితిప్పి తీయాలి. ఆకుపచ్చగా ఉన్నవి వద్దు, బూడిదరంగుకి తిరిగి గట్టిపడ్డవే కావాలి. రెండు మూడు రోజులు ఎండలో పోయాలి. చెవి దగ్గర పెట్టి ఆడిస్తే లోపల పప్పు కదిలిన చప్పుడు రావాలి. అనుమానం ఉంటే నీళ్ళలో వెయ్యండి, తేలినవి చాలావరకు తాలు. మునిగినవాటిని మళ్ళీ ఎండబెట్టాలి, తడి ఉంటే మంట మీద చిమ్ముతాయి.

పచ్చి పిక్కని పళ్ళతో కొరకకూడదని ఎన్నిసార్లు చెప్పినా ఒకడు కొరుకుతాడు. మా ఇంట్లో ఆ ఒకడు మా బావ. పైపెంకుకీ లోపెంకుకీ మధ్య తేనెపట్టులాంటి చిన్న చిన్న గదులుంటాయి, వాటి నిండా జీడి అనే నూనె ఉంటుంది. చిక్కగా, నల్లగా, చర్మానికి తగిలితే పొక్కిపోతుంది. మామిడీ జీడిమామిడీ ఒకే కుటుంబం, మామిడి సొన తగిలి మూతి పొక్కినవాళ్ళకి ఇది దానికి పెదనాన్న అని చెబితే చాలు. బావ పెదాలు రెండూ వాచిపోయి రెండు రోజులు చోడి (రాగి) అంబలి తప్ప ఏమీ దిగలేదు. మూడో రోజున ఊళ్ళో పెళ్ళి. ఫొటోల్లో మా బావ అందరికీ వీపు చూపించి నిలబడ్డాడు.

ఇక చోటు. ఆరుబయటే కాల్చాలి. వంటింట్లో కాదు, గ్యాస్ మీద కాదు, ఓవెన్లో అసలే కాదు. ఆ పొగ కళ్ళనీ గొంతునీ మండిస్తుంది, ఆ నూనె భగ్గున అంటుకుంటుంది. తాటాకు పాకకీ, గడ్డివాముకీ, ఆరేసిన బట్టలకీ దూరంగా మూడు రాళ్ళు పెట్టండి. ముందు పిడికెడు ఎండుమట్టి గాల్లోకి వదిలితే గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. మట్టి ఎటు పోతే అటు ఎవరూ కూర్చోకూడదు. అమ్మమ్మ అన్నమాట ఇప్పటికీ చెవిలో ఉంది: "ఏటే గుంటా, పొగకి ఎదర కూకున్నావు? లెగు, ఇటేపు రా!"

పాత్రగా పాత ఇనప మూకుడు సరిపోతుంది. ఒకసారి వాడాక అది వంటకి పనికిరాదు, ముందే దానిమీద ఆశ వదులుకోండి. అమ్మమ్మ నూనె డబ్బా రేకుని సాపు చేసి మేకుతో చిల్లులు కొట్టించింది, కారిన జీడి ఆ చిల్లుల్లోంచి కింది మంటలో పడేది. కలపడానికి పచ్చి కొబ్బరి మట్ట కావాలి, మీ చెయ్యి కంటే పొడవుగా. చేతులకి కొబ్బరి నూనె రాసుకుని, పైన బూడిద అద్దుకోండి. పక్కన ఒక గంపెడు పొడి ఇసుక ఉండాలి. ఇసుక లేకుండా అగ్గిపుల్ల గీయొద్దు.

ఒక వాయికి ఓ వంద పిక్కలు, ఒకే వరసగా పరవాలి. ఆపకుండా కలుపుతూ ఉండాలి. ముందు పెంకులు మెరుస్తాయి, తరవాత సుయ్యిమంటూ నూనె కక్కుతాయి, నల్లబడి ఉబ్బుతాయి. ఉన్నట్టుండి మూకుడు మొత్తం మంటెత్తుకుంటుంది. కొత్తవాళ్ళు ఇక్కడే కంగారుపడి నీళ్ళు పోస్తారు. మరిగే నూనె మీద నీళ్ళు పడితే ఏమవుతుందో పోపు పెట్టిన ఎవరికైనా తెలుసు. మంట ఆడనివ్వండి. పెంకంతా బొగ్గులా నల్లబడిందనగానే మట్టతో మూకుడిని నేలమీదకి బోర్లించి, పైన ఇసుక గుమ్మరించండి. ఇంకాస్త ఉంచితే పప్పు మాడుతుంది, తొందరపడితే పెంకులో జీడి మిగిలిపోతుంది. ఆ మధ్య సందు ఎంతన్నది గడియారంతో చెప్పలేను. అమ్మమ్మ వాసన చూసి చెప్పేది, నేను రంగు చూసి చెబుతాను.

చల్లారాక ఆ ఇసుకలోనే దొర్లించి తుడవాలి. పిక్కని అంచు మీద నిలబెట్టి, ఒంపు తిరిగిన వీపు మీద చిన్న రాయితో టక్కుమని ఒక్క దెబ్బ. రెండు దెబ్బలు పడితే పప్పు విరుగుతుంది. చివరగా ఎర్రపొరని వేళ్ళతో నలిపి ఊదెయ్యడమే. పిక్కల బరువులో ఇంచుమించు నాలుగోవంతే పప్పు వస్తుంది, పలాస పప్పు ధర విని నిట్టూర్చేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. కొట్లో 320 నంబరు అంటే పౌనుకి (దాదాపు 454 గ్రాములకి) సుమారు అన్ని విరగని గుండు పప్పులు తూగుతాయని లెక్క. నంబరు తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఇంకా పెద్దది.

అయ్యాక సబ్బుతో చేతులు కడిగేదాకా మొహం ముట్టుకోవద్దు. ఒంటికి జీడి తగిలితే రుద్దకుండా వెంటనే సబ్బునీళ్ళతో కడగాలి, కంట్లో పడితే నీళ్ళతో కడుగుతూనే ఆసుపత్రికి. పిల్లలకి మంట పని ఇవ్వకూడదు, కొట్టే పని ఇవ్వొచ్చు. జీడిపప్పు పడని పిల్లలుంటే ఈ పని జోలికే పోకండి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు తాత నాటిన తోటలో కొబ్బరీ జీడీ కలిపి చాలావరకు నేలకొరిగాయి. నేను వెళ్ళేసరికి చెట్లన్నీ ఒకే వైపు తలపెట్టి పడుకుని ఉన్నాయి. మావయ్య మళ్ళీ మొక్కలు వేశాడు. ఈ సంచి ఆ కొత్త చెట్లదే.

అమ్మమ్మ దగ్గర ఒక రూలుండేది. గుండు పప్పు స్టీలు డబ్బాలోకి, విరిగింది కొట్టినవాళ్ళ నోట్లోకి. మా చేతుల్లో పిక్కలు ఎందుకలా విరిగేవో ఆవిడకి తెలియదనుకునేవాళ్ళం. మొన్న డాబా పక్కన ఖాళీ స్థలంలో కాల్చి మా వాడికీ అదే రూలు చెప్పాను. పన్నెండు కొట్టాడు, పదకొండు బద్దలయ్యాయి. "రాయి బాలేదమ్మా" అన్నాడు నములుతూ. ఇంకో పన్నెండు వాడి ముందుకి తోశాను.