1965-66 మస్టాంగ్: స్టీరింగ్ వదులైనా, బండి పక్కకి లాగినా ఎక్కడ వెతకాలి?

మా గరాజ్‌లో ఉన్న 1966 ఫోర్డ్ మస్టాంగ్ కారు కొన్న కొత్తలో హైవే ఎక్కాలంటేనే నాకు టెన్షన్. స్టీరింగ్ రెండు అంగుళాలు తిప్పినా బండిలో కదలిక ఉండేది కాదు. కదిలిందంటే మాత్రం ఒక్కసారిగా పక్క లేన్ వైపు జారేది. ర్యాక్ అండ్ పినియన్ కిట్ (పాత స్టీరింగ్ బాక్సుకి బదులు వేసే పళ్ళ కడ్డీ రకం స్టీరింగ్) వేస్తే పీడా పోతుందనుకుని డబ్బు కూడా పక్కన పెట్టాను. తీరా చూస్తే తప్పంతా ఐడ్లర్ ఆర్మ్‌లో (స్టీరింగ్ కడ్డీల రెండో వైపుని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న చేయి) ఉంది. కిట్ ధరలో అదొక చిన్న ముక్క. అందుకే అప్‌గ్రేడ్ చేయాలనుకునే మిత్రులందరికీ ముందుగా నేను చెప్పేది ఒకటే: ఏది అరిగిందో తేల్చుకున్నాకే కొత్తది కొనండి.

మొదట ఈ బండి నిర్మాణం తెలియాలి. ముందు సస్పెన్షన్ ఫోర్డ్ ఫాల్కన్ నుంచి వచ్చింది. చాలా కార్లలో కాయిల్ స్ప్రింగ్ కింది ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే చేయి) మీద కూర్చుంటుంది. ఇందులో పై ఆర్మ్ మీద కూర్చుని, పైకొన షాక్ టవర్‌లోకి (ఇంజిన్ పక్కన ఎత్తుగా ఉండే రేకు గోపురం) వెళ్తుంది. అంటే ముందు భాగం బరువంతా పై ఆర్మ్, పై బాల్ జాయింట్ (ఆర్మ్ చివర ఉండే గుండు కీలు), టవర్ మోస్తాయి. కింది ఆర్మ్‌కి లోపలి వైపు ఒకే బోల్టు. అది ముందుకీ వెనక్కీ ఊగకుండా స్ట్రట్ రాడ్ అనే పొడవాటి కడ్డీ ఫ్రేమ్ ముందు భాగానికి పట్టి ఉంచుతుంది. కింద చెప్పే సమస్యల్లో సగం ఈ అమరిక వల్ల వచ్చేవే.

స్టీరింగ్ మధ్యలో ఖాళీగా తిరుగుతోంది

ఇంజిన్ ఆపండి. చక్రాలు నేల మీదే ఉండాలి. ఒకరు స్టీరింగ్‌ని ఇటూ అటూ కొద్దికొద్దిగా ఊపుతుంటే, మరొకరు కింద టార్చి వేసి చూడాలి. పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సు నుంచి వచ్చే చేయి) దగ్గర మొదలుపెట్టి సెంటర్ లింక్ (మధ్యలో అడ్డంగా ఉండే కడ్డీ), ఐడ్లర్ ఆర్మ్, లోపలి టై రాడ్ ఎండ్, బయటి టై రాడ్ ఎండ్ (చక్రాన్ని తిప్పే కడ్డీ రెండు కొనలు) వరుసగా గమనించండి. ఒక ముక్క కదులుతూ దాని పక్కది కదలకపోతే ప్లే (వదులు) ఆ జాయింట్‌లోనే ఉన్నట్టు. ఐడ్లర్‌ని చేత్తో పట్టుకుని పైకీ కిందకీ కూడా ఊపి చూడండి. నా బండిలో దొరికింది అలాగే.

కొత్త ఐడ్లర్ వేసేటప్పుడు ఒక జాగ్రత్త. దానిలో రబ్బరు బుష్ ఉంటుంది. చక్రాలు నేరుగా ఉన్నప్పుడే నట్టు బిగించాలి. పక్కకి తిప్పి ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగిపోయి బండి ఎప్పుడూ ఆ పక్కకే లాగుతుంది. ఎంత అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) చేయించినా ఆ లాగుడు పోదు.

స్టీరింగ్ తిరుగుతున్నా పిట్‌మన్ ఆర్మ్ కదలకపోతే తప్పు స్టీరింగ్ బాక్సులో (లోపల గేర్లుండే పెట్టె) ఉంది. చాలామంది బాక్సు మీది సెక్టర్ స్క్రూని బిగించేసి పని అయిపోయిందనుకుంటారు. దయచేసి అలా చేయకండి. ముందు లింకేజీ (పిట్‌మన్ ఆర్మ్ నుంచి చక్రాల దాకా ఉన్న కడ్డీలు) విడదీయాలి. తర్వాత బాక్సులోని స్క్రూలాంటి వార్మ్ షాఫ్ట్ బేరింగుల బిగువు సరిచేయాలి. చివరగా స్టీరింగ్‌ని సరిగ్గా మధ్యకి తెచ్చి, అప్పుడు సెక్టర్ స్క్రూ ముట్టుకోవాలి. బాక్సులోని గేర్ పళ్ళు మధ్యలోనే ఎక్కువ అరుగుతాయి. ఆ అరుగుదలంతా స్క్రూతో తీసేయాలని చూస్తే మలుపులో స్టీరింగ్ పట్టేస్తుంది. అంతగా అరిగిన బాక్సుని రీబిల్డ్ చేయించడమే దారి.

ప్లే లేదు, అయినా బండి నేరుగా పోదు. తిప్పిన స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు

కారణం ఎక్కువగా అలైన్‌మెంట్. 1960లలో ఈ బండి బయాస్ ప్లై అనే పాత రకం టైర్ల మీద నడిచింది. ఫ్యాక్టరీ పుస్తకంలోని కొలతలు వాటికి తగినవి. ఇప్పుడు మనం వేసేది రేడియల్స్. వీటికి క్యాస్టర్ ఎక్కువ కావాలి. క్యాస్టర్ అంటే ఏమిటో సైకిల్ ముందు ఫోర్క్ చూస్తే తెలుస్తుంది. ఆ ఏటవాలు సైకిల్ నేరుగా పోవడానికి సాయపడుతుంది.

వీధుల్లో తిరిగే బండికి నేను అడిగే కొలతలు: క్యాస్టర్ ప్లస్ 2 నుంచి 3 డిగ్రీలు, క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం; మైనస్ అంటే లోపలికి) మైనస్ అర డిగ్రీ, టో ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండడం) సుమారు 3 మిల్లీమీటర్లు. ఇవి కాగితం మీద రాసి షాపులో ఇవ్వండి. లేకపోతే కంప్యూటర్‌లో ఉన్న పాత కొలతలకే తెచ్చి పెడతారు.

1965-66 బండ్లలో క్యాంబర్, క్యాస్టర్ రెండూ పై ఆర్మ్‌కీ టవర్‌కీ మధ్య పెట్టే షిమ్ములతోనే (పలుచని రేకు ముక్కలు) మారతాయి. షిమ్ములు తీస్తే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. ముందు బోల్టు దగ్గర మాత్రమే షిమ్ము కలిపితే బాల్ జాయింట్ వెనక్కి జరిగి క్యాస్టర్ పెరుగుతుంది. 1967 నుంచి పద్ధతి మారింది: క్యాంబర్‌కి కింది ఆర్మ్ దగ్గర ఎక్సెంట్రిక్ బోల్టు (కేంద్రం తప్పిన చక్రం ఉండి, తిప్పితే ఆర్మ్‌ని జరిపేది), క్యాస్టర్‌కి స్ట్రట్ రాడ్ నట్లు.

బ్రేకు వేస్తే "ధడ్" మని శబ్దం, బండి పక్కకి లాగడం

ముందు బ్రేకులు రెండు వైపులా సమానంగా పడుతున్నాయో చూడండి. అవి సరిగా ఉంటే స్ట్రట్ రాడ్ ముందు కొన దగ్గరున్న రబ్బరు బుష్‌లు చూడాలి. అవి నలిగిపోయి ఉంటే బ్రేకు వేసిన ప్రతిసారీ చక్రం వెనక్కి జరుగుతుంది.

ఇక్కడ చాలామంది గట్టిగా ఉంటాయని పాలీయురేథేన్ బుష్‌లు వేస్తారు. నాకు ఈ విషయంలో గట్టి అభ్యంతరం ఉంది. చక్రం పైకీ కిందకీ కదిలినప్పుడల్లా ఆ కడ్డీ కొన కొద్దిగా ఊగాలి. రబ్బరు ఊగనిస్తుంది. గట్టి యురేథేన్ రెండు వైపులా బిగిస్తే ఆ ఊపు వంపుగా మారి కడ్డీ మీదే పడుతుంది. రోజూ వంగే ఇనుము ఏదో ఒక రోజు నట్టు ఎక్కే గాడుల దగ్గర విరిగే ప్రమాదం ఉంది. అది మీరు బ్రేకు తొక్కినప్పుడే విరగవచ్చు. మంచి రబ్బరు వేయండి, లేదా గోళాకారపు జాయింట్ ఉన్న అడ్జస్టబుల్ స్ట్రట్ రాడ్ కొనండి. నేను వేసిన అప్‌గ్రేడ్లలో డబ్బుకి తగ్గ ఫలితం ఎక్కువగా ఇచ్చింది ఇదే. దీనితో 1965-66 బండిలో కూడా క్యాస్టర్‌ని కడ్డీ దగ్గరే సరిచేసుకోవచ్చు.

స్పీడ్ బ్రేకర్ మీద కిర్రుకిర్రు

పై ఆర్మ్ షాఫ్ట్ బుష్‌లలో గ్రీజు ఎండిపోయింది, లేదా స్ప్రింగ్ కూర్చునే పెర్చ్‌లో రబ్బరు పోయింది. మొదటిదానికి గ్రీజు, రెండోదానికి బేరింగులున్న రోలర్ పెర్చ్. రోలర్ పెర్చ్ వేశాక చక్రం గుంతలో దిగి లేవడంలోనే తేడా తెలుస్తుంది.

వీటి కోసం స్ప్రింగ్ తీయక తప్పదు. షాక్ అబ్జార్బర్ తీసేసి, టవర్ పైనుంచి దింపే స్ప్రింగ్ కంప్రెసర్ ఈ బండికి వేరే దొరుకుతుంది. అది లేకుండా జాకీతో, గొలుసులతో ప్రయత్నించవద్దు. అణిచిన స్ప్రింగ్ జారితే ప్రాణాలకే ముప్పు.

మలుపుల్లో ముందు టైరు బయటి అంచు అరిగిపోతోంది

అలైన్‌మెంట్ సరిగా ఉన్నా ఇలా జరిగితే, బండి ఒరిగినప్పుడు బయటి చక్రం పైభాగం కూడా బయటికి వాలుతోందని అర్థం. దీనికి మందు ఫోర్డ్ ఇంజనీర్ క్లౌస్ ఆర్నింగ్ ఆలోచన: పై ఆర్మ్ బిగించే రంధ్రాలను టవర్‌లో ఒక అంగుళం కిందకి దించడం. మస్టాంగ్‌నే మార్చి చేసిన 1965 షెల్బీ జీటీ 350లో ఇలాగే చేశారు. కొత్త కిట్టేమీ అక్కర్లేదు. సరైన టెంప్లేట్, డ్రిల్లు, ఓపిక చాలు.

రంధ్రాలు వేసే ముందు టవర్లను వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి పగుళ్ళు, తుప్పు చూడండి. పగిలిన టవర్‌కి వెల్డింగ్ అయ్యేదాకా మిగతా పనులన్నీ ఆపాలి. రెండు టవర్లనూ వెనక కౌల్‌కి (ముందు అద్దం కింది అడ్డ రేకు) కలిపే ఎక్స్‌పోర్ట్ బ్రేస్, రెండింటి మధ్య అడ్డంగా వేసే మాంటే కార్లో బార్ కూడా పెట్టుకోండి. బరువు మోసే టవర్లు లోపలికి వంగితే మీరు కష్టపడి పెట్టిన క్యాంబర్ నిలవదు.

చిన్న ఎత్తు ఎక్కినా స్టీరింగ్ తిప్పినట్టు బండి అటూ ఇటూ కొట్టుకుంటోంది

దీన్ని బంప్ స్టీర్ అంటారు. చక్రం పైకి లేచేటప్పుడు టై రాడ్ ఒక వంపులో, ఆర్మ్‌లు మరో వంపులో తిరిగితే టో మారిపోతుంది. ఎవరో వేరే మోడల్ స్పిండిల్స్ (చక్రం తిరిగే ఇరుసు ముక్కలు) వేసిన బండ్లలో, కొన్ని ర్యాక్ కిట్లు వేసిన బండ్లలో ఇది ఎక్కువ. అనుమానంతో ఆగకుండా కొలవండి: స్ప్రింగ్ తీసి, చక్రాన్ని జాకీతో అంగుళం చొప్పున లేపుతూ ప్రతిసారీ టో రాసుకోండి. తేడా కనిపిస్తే బయటి టై రాడ్ ఎత్తు మార్చే కిట్‌తో సరిచేయవచ్చు. ర్యాక్ కొనబోయే ముందు అమ్మేవారిని అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఈ కొలతల గురించే. రెండోది, బండి ఎంత చోటులో తిరుగుతుందని. పార్కింగ్‌లో ఆ ఇబ్బంది రోజూ ఉంటుంది.

పవర్ స్టీరింగ్ ఉంది. ఇంజిన్ ఆన్ చేయగానే ఒక పక్కకి లాగుతోంది

ఫ్యాక్టరీ పవర్ స్టీరింగ్‌లో లింకేజీ మీద ఒక కంట్రోల్ వాల్వు, పక్కన ఒక సిలిండర్ ఉంటాయి. సిలిండర్ కడ్డీని ఫ్రేమ్ బ్రాకెట్ నుంచి విడదీసి ఇంజిన్ స్టార్ట్ చేయండి. చేతులు దూరంగా ఉంచండి. స్టీరింగ్ ముట్టుకోకుండానే కడ్డీ లోపలికో బయటికో కదిలితే వాల్వు మధ్యలో లేదు. దాని చివర మూత కింద ఉన్న నట్టుతో, కడ్డీ కదలకుండా ఆగేదాకా సరిచేయాలి. నూనె కారడం కూడా ఆగకపోతే సహాయం బాక్సులోనే ఉండే కొత్త రకం పవర్ బాక్సు వేసుకోవడం మేలు.

పవర్ లేని బండిలో పార్కింగ్ బరువుగా ఉందని వేగంగా తిరిగే 16:1 గేర్ నిష్పత్తి బాక్సు వేయకండి. మామూలు 19:1 కంటే అది ఇంకా బరువు. వెడల్పు టైర్లతో మరీను.

అంతా అయ్యాక రోడ్డు నేరుగా ఉన్నా స్టీరింగ్ వంకరగా నిలుస్తోంది

స్టీరింగ్ చక్రం విప్పి నేరుగా పెట్టేస్తే కంటికి బాగుంటుంది, కానీ బాక్సు మధ్యభాగం తప్పిపోతుంది. ఇంతకుముందు సెక్టర్ స్క్రూతో సరిచేసిన బిగువు ఆ మధ్యలోనే ఉంటుంది. రెండు టై రాడ్ స్లీవులనూ సమానంగా తిప్పండి. ఒకటి పొడవు పెరిగినంత రెండోది తగ్గాలి. అప్పుడు టో మారకుండా స్టీరింగ్ నేరుగా వస్తుంది. స్లీవ్ క్లాంపులు బిగించి, కింది ఆర్మ్ రబ్బరు బుష్‌ల బోల్టులు బండి బరువు చక్రాల మీద ఉండగానే చివరిసారి బిగించి, ఒకసారి హైవే మీద తిప్పి తీసుకురండి.